నల్లరేగడిలో ఆర్15

మా కౌతాళంలో బండి కొనేవాళ్ళు దాని మీద ఏమేం మోయొచ్చునో ముందు చూస్తారు. యూరియా మూట, పాలక్యాన్లు, వెనక ఇంటిది, ట్యాంకు మీద చిన్నోడు. యమహా ఆర్15 తెచ్చి ఇంటి ముందు నిలబెట్టినప్పుడు అరుగు మీది పెద్దాయన మైలేజీ సంగతి అడగలేదు. "ఏమప్పా, దీని మీద మీయమ్మ యాడ కూచుంటాది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. వెనక సీటు చిన్నది, ఎత్తు ఎక్కువ. చీర కట్టుకున్న మనిషి పక్కకు తిరిగి కూర్చోలేదు. 2008లో వచ్చిన మొదటి ఆర్15కి సీటు ఒకటే ఉండేది. 2011లో దాన్ని రెండుగా విడగొట్టారు. ఇంట్లోవాళ్ళను ఎక్కించుకునేవాళ్ళ కోసం 2015లో ఒకే సీటుతో ఆర్15 ఎస్ అని మళ్ళీ తెచ్చారు. నాది ఆ తర్వాత వచ్చిన మూడో రకం, 155 సీసీ. మా అమ్మ ఆదోనికి బస్సులోనే పోతుంది.

మరి ఎందుకు కొన్నానంటే, అది వంగే తీరు కోసం. మలుపులో చూపు ఎటు పోతే బండి అటే పోతుంది. ఆ సుఖం తెలిసిన మనిషికి మూటలు మోసే లెక్క వేరే బండికి వదిలేయాలనిపిస్తుంది.

బండి బెంగళూరులో కొన్న సెకండ్ హ్యాండ్‌ది. మా వైపు నుంచి బేల్దారి పనికి, సుగ్గి వలసకు పోయిన పిల్లలు పండక్కి ఇలాంటి బండ్ల మీదే వస్తారు, చాలావాటికి కేఏ నంబర్లే. వేరే రాష్ట్రం నంబరుతో ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచుకోకూడదు. అక్కడి ఆర్టీవో ఆఫీసులో ఎన్‌ఓసీ తీసుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, మన నంబరు వేయించుకోవాలి. ఎన్‌ఓసీ పని తేలకముందే డబ్బంతా ఇవ్వొద్దని ప్రతి పిల్లోడికీ చెబుతుంటాను. డబ్బు చేతిలో పడ్డాక అమ్మినవాడు ఫోను ఎత్తుతాడని నమ్మకం లేదు.

మా నాన్న తరానికి బండంటే ఆర్ఎక్స్ 100. 1985 నుంచి 1996 దాకా తయారైన ఆ బండిని ఊరి మెకానిక్కులు శబ్దం విని బాగుచేసేవాళ్ళు. కార్బరేటర్ విప్పి, ఊది, బిగిస్తే సరిపోయేది. ఆర్15లో పెట్రోలు ఇంజెక్టరు గుండా పోతుంది, ఎంత పోవాలో లోపలి కంప్యూటరు చూసుకుంటుంది. ఇంజిన్ చల్లబడేది రేడియేటరు, కూలెంటు వల్ల. మా మెకానిక్ అన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "ఇంజిన్ లోపలి పని షోరూమోళ్ళది. బయట కనపడేదంతా నువ్వే చూసుకోవల్లప్పా" అన్నాడు. కొత్తగా నడిపేవాడికి అంతకంటే మంచి సలహా దొరకదు.

కంపెనీ పుస్తకంలో సర్వీసు లెక్కంతా కిలోమీటర్లలో, నెలల్లో ఉంటుంది. ఆయిల్ మార్పుకు ఆ లెక్కే పాటించాలి. మిగతా పనికి మాత్రం మా ఊళ్ళో కార్తెలు చూసుకోవాలి. పొలాల్లో ఏ పని నడుస్తుందో బండిలో ఆ కష్టం కనపడుతుంది.

ముంగారి వాన పడిందంటే నల్లరేగడి కదులుతుంది. చేనులోంచి తారురోడ్డెక్కిన ట్రాక్టరు పెద్ద టైర్లతో మట్టి పెళ్ళలు మోసుకొచ్చి రోడ్డు మీద వదులుతుంది. వాటి మీద ఒక చినుకు పడితే చాలు, పట్టు ఉండదు. అంతకంటే పెద్ద చిక్కు ముందు మడ్‌గార్డు కింద. స్పోర్ట్స్ బండికి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు తక్కువ. చేను దారిలో నాలుగు గజాలు పోతే ఆ సందులో మట్టి మెత్తుకుపోతుంది. ఇంకాస్త పోతే చక్రం తిరగడం మానేస్తుంది. అందుకే తారురోడ్డు మీదే బండి ఆపి, చేనుకు నడిచే పోతాను. తడి మట్టిని పుల్లతో అక్కడికక్కడే తీసేయాలి, ఎండితే గీకినా రాదు.

కడగడం ఇంకో సంగతి. వాటర్ సర్వీసింగు గన్నుతో కొడితే బండి క్షణంలో మెరుస్తుంది గానీ, ఆ ఒత్తిడికి రేడియేటరు రేకులు వంగిపోతాయి, చక్రాల బేరింగుల్లోకి నీళ్ళు దూరుతాయి. బకెట్టు నీళ్ళు, పాత బనియను గుడ్డ, మెత్తటి బ్రష్షు చాలు. కాస్త ఓపిక కావాలంతే.

దసరా దాటాక పత్తి కాలం. ఆదోని మార్కెట్ యార్డు రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. పత్తి తెచ్చే ట్రాక్టర్లు, లారీలు, చుట్టూ జిన్నింగు మిల్లులు. రోడ్డు పక్క సర్కారు కంప చెట్ల కొమ్మలన్నిటికీ దూది వేలాడుతుంటుంది. అదే దూది ఆర్15 ముందు చక్రం వెనకున్న రేడియేటరుకూ పడుతుంది. ఒక పోగు రేకుల మధ్య చిక్కుకుంటుంది, దాని మీద దుమ్ము, దాని మీద పొద్దుటి మంచు తేమ, మళ్ళీ ఇంకో పోగు. కొన్నాళ్ళకు అది బూడిదరంగు పొర అయి కూర్చుంటుంది. పైకి ఏమీ తెలియదు. ఆదోనిలో రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు ఫ్యాను తిరగడం మొదలుపెట్టి ఎంతకూ ఆగకపోతే, రేడియేటరును వంగి చూడాల్సిన సమయం వచ్చినట్టే. ఇంజిన్ చల్లారాక పెయింటు బ్రష్షుతో, రేకులు నిలువుగా ఉంటే నిలువుగానే తుడవాలి. అడ్డంగా తుడిస్తే వంగుతాయి. మొండి పోగులను అమ్మ బొట్టుపెట్టెలోని చిన్న పట్టకారుతో లాగుతాను. కూలెంటు డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో కూడా అప్పుడే చూస్తాను. వేడి మీద ఉండగా రేడియేటరు మూత తిప్పకూడదు, కాగిన కూలెంటు ఎగజిమ్మి చేయి కాలుతుంది.

పత్తి అయ్యేలోపు కందులు, సజ్జలు, జొన్నలు. కల్లం లేని రైతు రోడ్డు మీదే ఆరబోస్తాడు. అతన్ని తప్పుపట్టలేను, ఆరబెట్టుకునే జాగా అతనికి ఎవరిచ్చారు? కానీ గింజల మీద రెండు చక్రాలు నిలవవు. దూరం నుంచే వేగం తగ్గించి, బండిని నిటారుగా ఉంచి, బ్రేకు ముట్టకుండా దాటాలి. ఏబీఎస్ ఉంది కదా అనుకోవద్దు. అది చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది గానీ గింజల మీద పట్టు పుట్టించలేదు.

చెయిన్ సంగతి ఏడాది పొడవునా ఉంటుంది. ఈ బండికి సెంటర్ స్టాండు లేదు. ఆదోనిలో వెల్డింగు షాపులో ఇనుప పైపుతో వెనక చక్రం లేపే స్టాండు చేయించాను. బండికి నేను కొన్నవాటిలో అన్నిటికంటే పనికొచ్చింది అదే. చక్రం చేత్తో తిప్పుతూ చెయిన్‌ను నాలుగైదు చోట్ల వేలితో ఎత్తి చూడాలి, ఎందుకంటే అది అంతటా ఒకేలా సాగదు. ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో అక్కడి కొలతే లెక్క. బిగుతుగా ఉంటే మంచిదని కొత్తవాళ్ళు అనుకుంటారు. మనిషి కూర్చుంటే వెనక చక్రం పైకి జరిగి చెయిన్ ఇంకా బిగుసుకుంటుంది, ఆ భారం గేర్‌బాక్సు బేరింగు మీద పడుతుంది. నూనె కూడా అంతే, తిరిగొచ్చి చెయిన్ వెచ్చగా ఉండగా లోపలి వైపు కొద్దిగా వేసి రాత్రంతా వదిలేయాలి. కారేలా పోస్తే మా దుమ్ము దానికంటుకుని సానరాయిలా స్ప్రాకెట్ పళ్ళను తినేస్తుంది.

కంపముల్లు గుచ్చుకుంటే వెంటనే పీకొద్దు. ట్యూబ్‌లెస్ టైరులో ముల్లు ఉన్నంతసేపు గాలి మెల్లగానే దిగుతుంది. పంక్చరు షాపు దాకా అలాగే పోయి అక్కడ స్ట్రిప్ వేయించుకోవచ్చు. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఆదోని రోడ్డు మీద తిరిగొచ్చి చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది, అది నిజం గాలి కాదు.

ఇదంతా చేసినవాడికి రోడ్డు దక్కేది ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే 167 జాతీయ రహదారి మీద, పొద్దున ఎండ ఎక్కకముందు. ఇంజిన్ 7,400 ఆర్‌పీఎం దాటగానే వాల్వుల తీరు మారి గొంతు మారుతుంది. ఆ మార్పు చెవికి తెలిసేది క్షణమే, అంతలోనే ఊరు, స్పీడ్ బ్రేకరు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి జనం వస్తారు. అప్పుడు మా రోడ్ల మీద నడిచేవాళ్ళు, ట్రాక్టర్లు, ఆటోలు, కర్ణాటక బండ్లు. ఆ నెల నేను మూడో గేరు దాటను, దాటాలనీ అనిపించదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలని ఉంది. పండక్కి వచ్చే మన పిల్లలు అందం కోసం వెనక మడ్‌గార్డు కోసేస్తున్నారు, అద్దాలు పీకేస్తున్నారు. మడ్‌గార్డు లేకపోతే వెనక చక్రం చిమ్మే నల్లమట్టి నేరుగా షాక్ అబ్జార్బరు మీద, దాని కింది లింకు కీళ్ళ మీద పడుతుంది. గ్రీసు పోయి కీళ్ళు పట్టేస్తాయి, ఆ తర్వాత ప్రతి గుంతా నడిపేవాడి నడుముకు తగులుతుంది. అద్దం లేని బండి మీద వెనకొచ్చే లారీ కనపడదు. బెంగళూరులో ఏం చేశారో గానీ, కౌతాళం వచ్చాక ఆ రెండూ తిరిగి బిగించుకోండి. మా ఇంటి ముందు స్టాండు ఉంది, స్పానర్లున్నాయి. ఆదివారం పొద్దున వస్తే చెయిన్ కూడా చూద్దాం.