ఉప్పునీరు ఎంతదూరం వచ్చింది?

పిల్లలూ! మీ ఇంటి బావి నీళ్ళు తియ్యగా ఉంటవా, చప్పగా ఉంటవా, ఉప్పగా ఉంటవా? ఇదేం ప్రశ్న అని నవ్వకండి. కోనసీమలో సముద్రం దాపున ఉన్న పల్లెలకు వెళితే, నీళ్ళ బిందె చంకనెత్తుకున్న ప్రతి అమ్మకూ ఈ సంగతి తెలుసు. ఒకే ఊళ్ళో ఒక వీధి బావి నీళ్ళతో కందిపప్పు ఇట్టే ఉడుకుతుంది. పక్కవీధి బావి నీళ్ళతో ఎంతసేపు కాచినా పప్పు బద్దలు బద్దలుగానే ఉంటుంది.

బడిపిల్లలందరికీ పర్యావరణాన్ని గురించి చెప్పవలసిందని సుప్రీంకోర్టు 1991లో ఆదేశించింది. తరువాత పాఠాలు వచ్చినవి, పుస్తకాలు వచ్చినవి. వాటిలో ఒక వాక్యం ఉంటుంది: "తీరప్రాంతాలలో భూగర్భజలం ఉప్పుబారుచున్నది." పిల్లలు దీన్ని వల్లెవేసి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుంటారు. ఆ ఉప్పుబారిన నీళ్ళే ఇంట్లో తాగుతూ కూడా, పుస్తకంలోది మరెక్కడి సంగతో అనుకుంటారు. నేను ఏళ్ళ తరబడి సైన్సు చెప్పినవాణ్ణి. కోనసీమలో ఈ పాఠం నాలుగు గోడల మధ్య చెప్పడమంటే, ఏటి ఒడ్డున కూర్చుని ఈత పుస్తకం చదవడమే.

ఉద్యోగం నుంచి విరమించినా బడి పిలిస్తే నాకు కాలు నిలవదు. మొన్న మాఘమాసంలో తొమ్మిదో తరగతి పిల్లలను వెంటబెట్టుకుని కోనసీమ పొడుగునా ఒక ప్రయాణం చేశాను. ఒక్కొక్కరి సంచిలో నాలుగేసి సీసాలు, ఒక నోటుపుస్తకం. నా సంచిలో పరీక్షనాళికలు, ఒక చిన్న రంగు సీసాలో సిల్వర్ నైట్రేట్ ద్రావణం. ఉప్పు కలిసిన నీళ్ళలో ఈ ద్రావణం రెండు చుక్కలు వేస్తే నీరు తెల్లబడుతుంది. ఉప్పు కొంచెమే ఉంటే పలుచని మజ్జిగతేటలా కనిపిస్తుంది, ఎక్కువగా ఉంటే పెరుగు విరిగినట్టు తరకలు కడుతుంది. ఇది వేలికి అంటితే నల్లమచ్చ పడి నాలుగు రోజులదాకా పోదు, కంట్లో పడితే ప్రమాదం. అందుచేత చుక్కలు వేసే పని మాత్రం నాదే.

కోనసీమను పటంలో చూడండి. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ, దక్షిణాన బంగాళాఖాతం. మధ్యలో వసిష్ఠనుంచి చీలి వైనతేయ పారుతుంది. ఈ నేలంతా గోదావరి కొండలనుంచి, మైదానాలనుంచి మోసుకొచ్చి పోసిన మట్టే. 2022లో ఇది ప్రత్యేకంగా ఒక జిల్లా అయింది.

మొదట గన్నవరంలో దిగాము. ఇక్కడ ఒక వింత ఉన్నది: నది మీదుగా కాలువ దాటుతుంది! ధవళేశ్వరం వద్ద కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కు పూర్తిచేశాడు. ఆ నీరు వైనతేయకు అవతల ఉన్న నగరం లంకకు అందాలంటే నదిని దాటించాలి. అందుకని 49 కమానులతో వంతెనవంటి తొట్టి కట్టి, దానిలో కాలువను పారించారు. తరువాత పక్కనే కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవాళ్ళకు లేదనకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. ఊళ్ళకు నీళ్ళు పెట్టే కట్టడానికి ఆ పేరు తగిందే. కాలువ నీటిలో రెండు చుక్కలు వేశాము. కంటికి ఆనీ ఆననట్టు మసక, అంతే. "ఏమీ లేదండీ!" అని పిల్లలు నిరుత్సాహపడ్డారు. "ఏమీ లేకపోవడం కూడా రాసుకోండి" అన్నాను.

అంబాజీపేటలో ఎక్కువసేపు ఆగలేదు. కాని కొబ్బరాకు కిందివైపు తెల్లని చుట్టలు చుట్టలుగా ఉన్న గుడ్లను పిల్లలు వదలలేదు. అది సర్పిలాకార తెల్లదోమ. మనదేశంలో 2016లో మొదటిసారి కనిపించింది. అది రసం పీల్చి తీపిజిగురు కారుస్తుంది. ఆ జిగురుమీద బూజు పెరిగి ఆకు మసిపూసినట్టు నల్లబడుతుంది. దానికి శత్రువు ఆవగింజకన్న చిన్నదైన ఒక కందిరీగ. అంబాజీపేట పరిశోధనాకేంద్రంవారు మందులకన్న ఇలాంటి మిత్రపురుగులనే నమ్ముకోమంటారు. ఆ కథ మరొకసారి చెపుతాను.

అమలాపురం దాటి కాట్రేనికోన వైపు వెళుతూంటే నేల ఒక తీరుగా ఉండదని గమనించాము. కొంతమేర ఇసుకదిబ్బ. దానిమీద ఊరు, కొబ్బరితోట. తరువాత పల్లం. అందులో దాళ్వా వరి పచ్చగా ఉన్నది, లేదా రొయ్యల చెరువు. మళ్ళీ దిబ్బ, మళ్ళీ పల్లం. ఈ దిబ్బలు ఏమిటో తెలుసునా? ఒకప్పటి సముద్రతీరాలు! నది మట్టి పోస్తూపోగా సముద్రం వెనక్కి జరిగింది. దాని పాత ఒడ్డులే ఇప్పుడు మనవాళ్ళ వీధులు.

దిబ్బమీద బావి నీరు తియ్యగా ఉండడానికి కారణం ఒక గాజుగ్లాసులో చూపాను. మీరూ చేయవచ్చును. సగం గ్లాసు నీళ్ళలో ఉప్పు బాగా కరిగించండి. వేరే మంచినీళ్ళలో ఒక సిరాచుక్క వేసి, చెంచా వెనుకవైపుగా మెల్లగా ఉప్పునీటిమీద పొయ్యండి. నీలినీరు పైన తేలుతుంది, కలిసిపోదు. దిబ్బలో ఇంకిన వాననీరు కూడా అడుగున ఉన్న ఉప్పునీటిమీద అలాగే తేలుతున్నది.

ఇందులో ఒక లెక్క ఉన్నది. లీటరు మంచినీరు 1000 గ్రాములు తూగితే, లీటరు సముద్రపునీరు సుమారు 1025 గ్రాములు తూగుతుంది. తేడా 25. 1000ని 25తో భాగిస్తే 40. అంటే సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిచి ఉన్నచోట, కింద సుమారు 40 అడుగుల లోతుదాకా మంచినీరు ఉండగలదు. అయితే మోటార్లు పెట్టి తోడి ఆ పై అడుగునూ తగ్గించామనుకోండి, కిందినుంచి ఉప్పు 40 అడుగులు పైకి లేవడానికి సిద్ధంగా ఉంటుంది!

ఒక పల్లెలో మాకు పెద్ద తగవే వచ్చింది. చెరువుల పక్కన ఉన్న ఒక బావినీరు తరకలు కట్టింది.

"మాస్టారూ, ఈ బావి ఉప్పవడానికి వీళ్ళ రొయ్యల చెరువులేనండి కారణం!" అన్నది వరిచేను గలవారి అమ్మాయి.

"ఏం కాదండి! చెరువులు తవ్వకముందు కూడా వేసవిలో ఇది ఉప్పేనని మా తాతగారు చెప్పారండి" అన్నాడు చెరువులుగలవారి కుర్రాడు. వాడి ముఖం ఎర్రబడింది.

రొయ్యల చెరువులలోకి ఉప్పునీరు తెచ్చి పెడతారు. అది పక్కపొలాలకు ఊరే మాట నిజమే. తీరంలో ఇటువంటి చెరువులనుగురించి 1996లో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది, 2005లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. అయినా ఈ బావి సంగతి ఢిల్లీలో తేలదు. అందుచేత నేను తీర్పు చెప్పలేదు. "ఎట్లా తేలుద్దామో మీరే చెప్పండి" అన్నాను.

కాసేపు గుసగుసలాడుకుని, సముద్రానికి అంతే దూరంలో ఉండి చెరువులు లేనిచోట మరొక బావిని చూద్దామన్నారు. మంచి ఆలోచన. వెతికి నీళ్ళు తెచ్చారు. అది మసక మాత్రమే అయింది. అమ్మాయి కళ్ళు మెరిసినవి. కాని కుర్రాడు ఊరుకోలేదు: "అది దిబ్బమీద బావండి. ఇది పల్లంలో బావి. రెండిటికీ పోలికేమిటండి?"

వాడన్నది సబబే! ఇక పల్లంలో ఉండీ, చెరువులకు దూరంగా ఉన్న బావి కావాలి. అరగంట తిరిగితే ఒకటి దొరికింది. ఎవరూ తోడక ఆకులు నిండి ఉన్నది. దాని నీరు మొదటి బావి అంత చిక్కగా విరగలేదు, దిబ్బ బావి అంత పలుచగానూ లేదు, నడిమధ్యన నిలిచింది. కుర్రాడూ అమ్మాయీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్కరోజు నీళ్ళతో ఇంతకుమించి చెప్పలేము. కాలువలు కట్టేసిన నడివేసవిలో ఒకసారి, సార్వా వానల తరువాత మరొకసారి ఈ మూడు బావులనూ చూడాలని వాళ్ళే రాసుకున్నారు.

అక్కడినుంచి బలుసుతిప్ప దిక్కుగా మడ అడవికి వెళ్ళాము. బురదలోనుంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి నిలిచినవి మడచెట్టు వేళ్ళే. బురదలో గాలి ఆడదు కనుక అవి పైకి వచ్చి ఊపిరి పీలుస్తవి. ఆకు వెనుక నాలుక ఆనిస్తే ఉప్పు! తాగిన ఉప్పును ఆ చెట్టు ఆకులద్వారా బయటికి తోసేస్తుంది. అయితే చూచిన ప్రతి ఆకునూ నాకవద్దు సుమా. పక్కనే ఉండే తిల్లచెట్టు పాలు కంట్లో పడితే చూపుకే మోసం. అక్కడి చేపలుపట్టే పెద్దాయన ఒకాయన, 1996 నవంబరు 6 నాటి తుపాను మాట చెప్పాడు. "ఆ రాత్రి సముద్రం ఊళ్ళోకొచ్చేసిందండి. ఆయ్, బావుల్లోనూ అదే నీరండి. మంచినీళ్ళకి మొహం వాచిపోయామండి." పిల్లలు అడగకుండానే రాసుకున్నారు.

తిరుగుదారిలో పొద్దు వాలుతూండగా ఆ పల్లెలోనే బస్సు ఆపారు. కుర్రాడి తాతగారు ఇత్తడి చెంబుతో ఎదురుచూస్తున్నారు.

"ఇది మా పెరటి బావినీరండి, మాస్టారూ. దిబ్బమీదదే. మేం తాగేది ఇదే. చూసిపెట్టండి" అన్నారు.

పిల్లలు చుట్టూ మూగారు. రెండు చుక్కలు వేశాను. పెరుగు విరిగినట్టు తరకలు దిగినవి. ఎవరూ మాట్లాడలేదు, చేను గలవారి అమ్మాయి కూడా. పెద్దాయన నాళికను వెలుతురుకు పట్టి కాసేపు చూచి, చెంబులో మిగిలిన నీళ్ళు కొబ్బరిచెట్టు మొదట్లో పోశారు.

"ఉండండి, మా చిన్నవాడి ఇంటి బావివీ తెస్తాను" అని గబగబా వెళ్ళారు. కుర్రాడు మరొక సీసా పట్టుకుని ఆయన వెనుకే పరుగెత్తాడు.