మబ్బుల ఊళ్లో రాక్ ముచ్చట్లు

ఆ ఊరికి రైలు రాదు. చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. ఎనిమిదింటికల్లా చాలా దుకాణాలు కట్టేస్తారు. అయినా పాశ్చాత్య దేశాల రాక్ బ్యాండ్లకి ఆ ఊరి పేరు తెలుసు. ‘భారతదేశపు రాక్ రాజధాని’ అని పిలిపించుకుంటున్న షిల్లాంగ్ కథ ఇది.

మన దగ్గర నలుగురు కుర్రాళ్లు టీ బడ్డీ దగ్గర చేరితే సినిమాలో క్రికెట్టో మాట్లాడుకుంటారు. షిల్లాంగ్‌లో ఆ రెండింటితోపాటు ఇంకో మాట తప్పకుండా వస్తుంది... గిటారు. లెడ్ జెప్లిన్ గొప్పదా, డీప్ పర్పుల్ గొప్పదా? అసలు బ్యాండ్‌కి ప్రాణం గొంతా, గిటారా? ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానులు ఒకప్పుడు రచ్చబండ మీద ఎంత పట్టుదలగా వాదించుకునేవారో అక్కడ ఈ వాదన అంత పట్టుదలగా సాగుతుంది. వాదించేది కుర్రకారే అనుకుంటే పొరపాటు. తల నెరిసిన ప్రభుత్వోద్యోగులు, స్కూలు టీచర్లు, ట్యాక్సీ డ్రైవర్లు కూడా అందులో ఉంటారు.

ఈ ముచ్చట్లకు తగిన చోటు ‘కాంగ్’ల హోటళ్లు. ఖాసీ భాషలో కాంగ్ అంటే అక్క. ఆడవాళ్లు నడిపే చిన్న చిన్న హోటళ్లవి. రెండు బల్లలు, నాలుగు బెంచీలు, పొయ్యి మీద మరిగే టీ. పక్కనే పళ్లెంలో పుఠారో అనే బియ్యప్పిండి రొట్టెలు. ఆకలేస్తే మాంసంతో వండిన జాదో అన్నం. తినడం అయ్యాక తమలపాకు, సున్నం, పచ్చి వక్క. దాన్ని అక్కడ ‘క్వాయ్’ అంటారు. ఇంటికొచ్చిన అతిథికి మనం తాంబూలం ఇచ్చినట్టే వాళ్లు క్వాయ్ ఇస్తారు. అలవాటు లేనివాళ్లకి ఆ వక్క ఒక్కటి నమిలితే చెవులు వేడెక్కి చెమటలు పడతాయి. అంచేత కొత్తవాళ్లు కాస్త చూసుకుని నమలాలి!

ఏ బ్యాండ్ ఎప్పుడు వచ్చింది?

షిల్లాంగ్ అభిమానులకు సంవత్సరాలు కచేరీలతో గుర్తుంటాయి. 2004 డిసెంబరులో ఫైర్‌హౌస్ వచ్చింది. అమెరికాలో ఆ బ్యాండ్ వెలుగు అప్పటికే తగ్గింది. ఈశాన్య కొండల్లో మాత్రం దాని పాటలు రానివాళ్లు అరుదు. దిమాపూర్, ఐజోల్‌లలోనూ పాడి వెళ్లారు వాళ్లు. 2007 డిసెంబరులో జర్మనీ నుంచి స్కార్పియన్స్ దిగింది. ప్రపంచమంతా తిరిగి పెద్ద పెద్ద స్టేడియాలు నింపిన బ్యాండ్ అది. అలాంటిది ఓ కొండ ఊరికి రావడం అప్పట్లో చిన్న సంగతేం కాదు. ఆ రాత్రి అక్కడున్నవాళ్లు ఇప్పటికీ ఆ ముచ్చట చెబుతారు. లేనివాళ్లు, ఉన్నవాళ్ల దగ్గర విని చెబుతారు.

ఆ తర్వాత రాకపోకలు పెరిగాయి. 2015లో ఎన్‌హెచ్7 వీకెండర్ సంగీతోత్సవం మేఘాలయకు వచ్చింది. 2016లో చెర్రీ పూల పండగ మొదలైంది. జపాన్‌లో చెర్రీలు వసంతంలో పూస్తే ఈ హిమాలయ చెర్రీలు నవంబరులో పూస్తాయి. పూలు చూడటానికి పెట్టిన పండగ కాస్తా పాటల జాతర అయింది. 2023లో నీ-యో, 2024లో ఎకాన్ వచ్చి పాడారు. 2024 డిసెంబరు 10న బ్రయాన్ ఆడమ్స్ వంతు. అదే యాత్రలో ఆయన డిసెంబరు 16న హైదరాబాద్‌లోనూ పాడారు. కోటి జనాభాకు దగ్గరగా ఉన్న మన మహానగరమూ, కొండల్లోని ఈ చిన్న రాజధానీ ఒకే పట్టికలో పక్కపక్కన ఉన్నాయన్నమాట.

ఇక అక్కడి రాజకీయ నాయకులకూ ఈ పిచ్చి తప్పలేదు. 2018లో ముఖ్యమంత్రి అయిన కాన్రాడ్ సంగ్మా కుర్రతనంలో బ్యాండ్‌లో వాయించినవాడే. 2021లో ఆయన ఐరన్ మెయిడెన్ పాటకు గిటారు వాయిస్తున్న వీడియో దేశమంతా తిరిగింది. మన నేతలు చిడతలు పట్టుకున్నా డప్పు కొట్టినా చూశాం కానీ, ఇది కొత్తే.

వేల్స్ నుంచి వచ్చిన పాట

అసలు ఈ కొండలకి ఈ సంగీతం ఎలా ఎక్కింది? కథ 1841 దగ్గర మొదలవుతుంది. ఆ ఏడాది థామస్ జోన్స్ అనే మిషనరీ బ్రిటన్‌లోని వేల్స్ నుంచి సోహ్రా చేరాడు. మనం చిరపుంజి అని చదువుకున్న ఊరే సోహ్రా. ఖాసీ భాషకు రోమన్ లిపిని కుదిర్చింది ఆయనే. వేల్స్ వాళ్లకి పాటంటే ప్రాణం. నలుగురు నాలుగు స్వరాల్లో కలిసి పాడే పద్ధతిని వాళ్లు చర్చిలతోపాటు ఇక్కడికి తెచ్చారు. ఖాసీలు తమ నేలను కీర్తిస్తూ పాడుకునే ‘రి ఖాసీ’ గీతానికి వేల్స్ జాతీయగీతం బాణీయే ఆధారం. అంటే, ఊహ తెలిసినప్పటి నుంచీ ఆదివారం చర్చిలో స్వరం కలపడం నేర్చుకున్న పిల్లలకి గిటారు శ్రుతి పట్టడం కష్టం కాలేదు.

మిషనరీలు రాకముందు ఇక్కడ సంగీతం లేదని కాదు. నాలుగు తీగల దుయితారా, క్సింగ్ అనే డోలు, సన్నాయిలాంటి తంగ్‌మురి ఖాసీల సొంత వాద్యాలు. షిల్లాంగ్‌కు అరవై కిలోమీటర్ల దూరంలో కోంగ్‌థోంగ్ అనే పల్లె ఉంది. అక్కడ బిడ్డ పుట్టగానే తల్లి ఓ కొత్త రాగం కడుతుంది. అదే ఆ బిడ్డకు రెండో పేరు. ఇంట్లో పిలవాలంటే చిన్న రాగం, అడవిలో కేకేయాలంటే పెద్ద రాగం. ఎవరి రాగం వారిదే. మనిషి పోతే ఆ రాగమూ అతనితోనే పోతుంది, ఇంకొకరికి పెట్టరు. ఇంటిపేరు తల్లి నుంచి వచ్చే సమాజం కదా, పాట కూడా తల్లి నుంచే వస్తుంది.

వీటికి బ్రిటిష్‌వాళ్ల క్లబ్బులు తోడయ్యాయి. 1874 నుంచి దాదాపు వందేళ్లు షిల్లాంగ్ అస్సాంకు రాజధాని. దొరలు దాన్ని తూర్పు స్కాట్లండ్ అన్నారు. మిషనరీ స్కూళ్లు, ఇంగ్లిష్ చదువు, రేడియోలో పాశ్చాత్య సంగీతం... ఆపైన వాన. హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడు అనుకుంటాం. సోహ్రాలో సుమారు 11 వేల మిల్లీమీటర్లు. షిల్లాంగ్‌లో అంత పడదు కానీ, నెలల తరబడి ముసురు తప్పదు. బయటికెళ్లే వీల్లేనప్పుడు ఇంట్లో గిటారు పట్టుకుని కూర్చోవడం తప్ప ఏం చేస్తారు?

వానే కాదు, మనుషులూ కొన్నిసార్లు తలుపులు మూయించారు. 1979, 1987, 1992ల్లో స్థానికులకూ బయటి నుంచి వచ్చి స్థిరపడినవారికీ మధ్య గొడవలు చెలరేగాయి. తరాలుగా అక్కడే ఉన్న బెంగాలీ, నేపాలీ కుటుంబాలు కొన్ని ఊరొదిలి వెళ్లాయి. కర్ఫ్యూలు, బంద్‌లు. ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పుడు యాభై దాటినవారు. షిల్లాంగ్ పాటల ఊరని చెప్పుకొనేటప్పుడు ఈ పేజీని చింపేయడం సరికాదు. స్టేడియంలో పక్కపక్కన నిలబడి ఒకే పాటకు గొంతు కలుపుతున్నవాళ్లలో ఆ రెండు వైపుల పిల్లలూ ఉన్నారు మరి.

డిలన్ పుట్టినరోజు

షిల్లాంగ్‌లో ఎవరిని కదిపినా ముందు చెప్పే పేరు లూ మజావ్. 1947లో పుట్టాడు. పొడుగాటి తెల్ల జుట్టు, పొట్టి నిక్కరు, కాలికో రంగు మేజోడు. వయసులో పెద్దవాళ్లను ఖాసీలు ‘బా’ అంటారు, మన ‘అన్న’లాగా. ఊరందరికీ ఆయన బా లూ. 1960ల చివర్లో కలకత్తా వెళ్లి అక్కడి పార్క్ స్ట్రీట్‌లో పాడాడు. హోటళ్లలో రోజూ బ్యాండ్లు వాయించే కాలమది. మన ఉషా ఉతుప్ పేరు తెచ్చుకున్నదీ ఆ వీధిలోనే. తర్వాత మజావ్ కొండలకు తిరిగొచ్చేశాడు.

1972 మే 24న ఆయన అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ పుట్టినరోజును పాటలు పాడి జరిపాడు. మేఘాలయ రాష్ట్రం పుట్టింది కూడా ఆ ఏడాదే, జనవరి 21న. మరుసటి ఏడూ పాడాడు. ఆ మరుసటి ఏడూ అంతే. అలా యాభై ఏళ్లు దాటిపోయింది. డిలన్ మాత్రం ఎన్నడూ షిల్లాంగ్ రాలేదు. 2016లో డిలన్‌కు సాహిత్యంలో నోబెల్ ప్రకటించగానే విలేకరులు ఇక్కడికి పరుగెత్తారు. మన దగ్గర భద్రాచలంలో రాములవారి కల్యాణం ఏటా ఎందుకు చేస్తారని ఎవరూ అడగరు. మజావ్‌ను మాత్రం ఎందుకని అడుగుతూనే ఉంటారు.

మరి సొంత పాట?

అభిమానుల ముచ్చట్లు వేడెక్కేది ఇక్కడే. ఎన్నో ఏళ్లు షిల్లాంగ్‌లో మంచి బ్యాండ్ అంటే విదేశీ పాటను అచ్చు దించినట్టు వాయించేదే. గిటారులో ఒక్క స్వరం తేడా వచ్చినా వినేవాళ్లు పట్టేసేవారు. అంత చెవి ఉన్న శ్రోతలు దొరకడం కళాకారుడికి అదృష్టం. అదే గుదిబండ కూడా. సొంత పాట ఎత్తుకుంటే, తెలిసిన పాట పాడమని కింది నుంచి కేకలు. తిరుపతి కొండ మీదకు వెళ్లి లడ్డూ వద్దు, జిలేబీ తిను అంటే ఎవరు వింటారు?

ఆ గోడను దాటినవాళ్లున్నారు. రూడీ వాలాంగ్, టిప్రిటి ఖర్బంగర్ 2003లో పెట్టిన సోల్‌మేట్ బ్యాండ్ వాయించేది బ్లూస్. అమెరికాలో నల్లజాతి కూలీల కష్టాల్లోంచి పుట్టి, తర్వాత రాక్‌కు తల్లివేరైన సంగీతం అది. సొంతంగా పాటలు కట్టుకుని, 2007లో బ్లూస్‌కు పుట్టిల్లులాంటి మెంఫిస్‌లో జరిగిన అంతర్జాతీయ పోటీకి వెళ్లారు. నీల్ నోంగ్‌కిన్రిహ్ 2001లో మొదలుపెట్టిన షిల్లాంగ్ ఛాంబర్ కోయిర్ 2010లో ‘ఇండియాస్ గాట్ టాలెంట్’ గెలిచి దేశమంతటికీ తెలిసింది. ఆయన 2022 జనవరిలో కన్నుమూశాడు. ఊరు ఊరంతా ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడింది. సమ్మర్‌సాల్ట్ బ్యాండ్ దారి ఇంకొకటి. దుయితారాను ఎలక్ట్రిక్ గిటారు పక్కన నిలబెట్టి ఖాసీలో పాడారు. 2016లో వచ్చిన ‘రాక్ ఆన్ 2’ సినిమాలో ఉషా ఉతుప్‌తో కలిసి వాళ్లు గొంతు వినిపించారు.

ఇంత ఉన్నా, పాటతోనే ఇల్లు గడిచేవాళ్లు తక్కువ. పగలు స్కూల్లో పాఠాలో, దుకాణంలో లెక్కలో; రాత్రి రిహార్సల్స్. కాస్త పేరొస్తే బెంగళూరు, ముంబయి, గువాహటి దారి పట్టాల్సిందే. పెద్ద విదేశీ గాయకుణ్ని రప్పిస్తే హోటళ్లు, ట్యాక్సీలు నిండుతాయి, ఊరికి డబ్బొస్తుందని కొందరు. ఆ ఖర్చులో కొంత స్థానిక పిల్లలకు పెడితే పదిమంది నిలబడతారు కదా అని మరికొందరు. రెండు మాటల్లోనూ నిజముంది. 2020ల్లో ప్రభుత్వం ఓ పథకం తెచ్చింది. పార్కులు, చెరువు గట్లు, కూడళ్ల దగ్గర స్థానిక కళాకారులతో పాడించి పారితోషికం ఇస్తోంది. వేదికా దొరుకుతోంది, చేతిలో కాస్త డబ్బూ పడుతోంది. అందులో సగం మంచి జరిగినా పెద్ద స్టార్ల కచేరీ కన్నా అదే మేలనిపిస్తుంది. ఎందుకంటే స్టార్ పాడి వెళ్లిన మర్నాడు డ్రమ్స్ కుర్రాడికి మళ్లీ అద్దె సమస్యే.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి గువాహటి మీదుగా వెళ్లే రైలుంది, దాదాపు రెండు రోజుల ప్రయాణం. విమానంలో అయితే గువాహటికి వెళ్లడం తేలిక. అక్కడి నుంచి షిల్లాంగ్ వంద కిలోమీటర్లు. సుమో అయినా ట్యాక్సీ అయినా మూడు గంటలు పడుతుంది. దారిలో ఉమియం చెరువు దగ్గర ఆగని బండి ఉండదు. పోలీస్ బజార్ చుట్టుపక్కల బస దొరుకుతుంది. అన్నట్టు హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ప్రాంగణం ఒకటి షిల్లాంగ్‌లోనూ ఉంది. మనవాళ్లు ఎవరైనా అక్కడ చదువుతుంటే ఏ కేఫ్‌లో ఏ రాత్రి ఎవరు పాడుతున్నారో వాళ్లనే అడగడం ఉత్తమం. పూల కోసమైతే నవంబరు, డిలన్ పాటల కోసమైతే మే 24. స్వెట్టర్, గొడుగు రెండూ ఉండాలి. ఆదివారం మాత్రం షాపింగ్ పెట్టుకోవద్దు. చాలా దుకాణాలు మూసే ఉంటాయి. దుకాణాలవాళ్లంతా చర్చిలో పాడుతుంటారు.