మీర్ ఆలం చెరువు చెప్పే పొత్తు కథ
బహదూర్‌పురాలో జూపార్క్ చూసి వెనక్కి వచ్చేయకండి. పక్కనే మీర్ ఆలం చెరువుంది. 21 కమాన్ల కట్ట దాని ప్రత్యేకత. కట్టించిన దివాన్ మీర్ ఆలం, అంతకుముందు కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ దగ్గర నిజాం రాయబారి.

1798లో నిజాం కంపెనీతో సైనిక ఒప్పందం చేసుకుని ఫ్రెంచి దళాన్ని రద్దు చేశాడు. 1799లో ఇద్దరూ కలిసి టిప్పును ఓడించారు. 1800లో కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు చేజారాయి. అవే దత్తమండలాలు.

ఇప్పుడు మా ఆఫీస్‌లో అమెరికా ముచ్చటే. 2025 ఆగస్టులో మన సరుకులపై 50 శాతం సుంకం, సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు. పెద్ద దేశంతో పొత్తు తప్పదు. కానీ రేపు బిల్లు ఎవరి మీద పడుతుందో సంతకానికి ముందే అడగాలి. సీమను అప్పుడెవరూ అడగలేదు.