బాడీ ఎంచుకునేటప్పుడు

నికాన్ డి5600, డి7200 కెమెరాలు రెండింటిలోనూ ఉన్నవి 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ సెన్సర్లే. 6000×4000 పిక్సెళ్ల ఆ ఫొటోను అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చువేస్తే 20 అంగుళాల వెడల్పు వస్తుంది. సరదాగా ఫొటోలు తీసేవారిలో చాలామందికి అంతకు మించి అక్కర ఉండదు. ఒకే లెన్స్ తగిలించి ఒకే వెలుగులో తీస్తే ఏ ఫొటో ఏ బాడీతో తీసిందో పోల్చుకోవడం కష్టం. అందుకే 2016లో వచ్చిన డి5600 మేలా, అంతకు ఏడాది ముందరి డి7200 మేలా అన్నది చేతినీ కంటినీ అడిగి తేల్చుకోవాలి.

కంటి సంగతి ముందు. డి7200 వ్యూఫైండర్‌లో గాజు పట్టకం ఉంటుంది, దృశ్యం దాదాపు మొత్తం కనిపిస్తుంది. డి5600లో ఆ పని చిన్న అద్దాలు చేస్తాయి. అడ్డంగా, నిలువుగా 95 శాతమే కనబడుతుంది. వైశాల్యంలో చూస్తే పదో వంతు మరుగున పడినట్టే. తీసేటప్పుడు కనిపించని కరెంటు తీగ ఫొటో అంచున ప్రత్యక్షమయ్యేది ఇందువల్లే. చేతి విషయంలో తేడా ఇంకా పెద్దది. డి7200కు బొటనవేలి దగ్గర ఒక డయల్, చూపుడువేలి దగ్గర మరొకటి. షట్టర్ వేగం ఒకదానితో, అపర్చర్ మరోదానితో మారతాయి. డి5600కు ఉన్నది ఒక్కటే. మాన్యువల్ మోడ్‌లో అపర్చర్ మార్చాలంటే ఒక బటన్ నొక్కిపట్టి తిప్పాలి. కదలని గోపురం ముందు ఇది ఇబ్బంది కాదు. ఎగిరే కొంగ మాత్రం అంతసేపు ఆగదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, కొనేవారు తరచూ మరిచేది మోటార్. పాత 50 ఎంఎం 1.8డి వంటి లెన్సుల్లో ఫోకస్ మోటార్ ఉండదు, బాడీలోని మోటారే వాటిని తిప్పాలి. డి7200లో అది ఉంది, డి5600లో లేదు. అక్కడ ఆ లెన్స్‌ను చేత్తో తిప్పుకోవలసిందే. 2018లో మొదలైన జెడ్ మిర్రర్‌లెస్ బాడీలకు పాత లెన్సులు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లోనూ మోటార్ లేదు. ఇంట్లో నాన్న వాడిన డి లెన్సులు ఉంటే, వాటికి తగిన ఇల్లు డి7200 తరహా బాడీయే.

డి5600కూ తనదైన బలముంది. బ్యాటరీ లేకుండా 415 గ్రాములే, డి7200 675. రోజంతా మెడలో వేసుకుని తిరిగేవారికి సాయంత్రానికి ఆ తేడా బాగా తెలుస్తుంది. మడతపడి తిరిగే టచ్ స్క్రీన్ నేలకు ఆనించి తీయడానికి అనువు. ఆటో ఫోకస్ మోటారున్న కొత్త లెన్సులే వాడేవారికి ఇది చాలు.

సెకండ్ హ్యాండ్ బాడీ కొనేటప్పుడు, దానితో అప్పటికప్పుడు తీసిన ఫొటో ఫైల్ నుంచి షట్టర్ కౌంట్ చూడాలి. డి7200 షట్టర్‌ను 1,50,000 సార్లకు పరీక్షించారు. సముద్రతీర ఊళ్లలో వాడిన కెమెరా అయితే వ్యూఫైండర్‌ను వెలుగుకు ఎత్తి, లోపల సాలెగూడు దారాల్లాంటి ఫంగస్ ఉందేమో వెతకాలి. మౌంట్ దగ్గర తుప్పు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వదిలేయడమే మంచిది.