నాన్న బండి బీడింగ్

నాన్న 1978లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇంకా మా దగ్గరే ఉంది. బొంబాయి కుర్లా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండి. నాన్న పోయిన ఏడాదే ముందు అద్దం దగ్గర వాన నీళ్లు కారడం మొదలైంది. చుట్టూ ఉన్న రబ్బరు ఎండి బీటలు వారింది. కొత్తది వేయాలంటే ముందు దాని గాడిలో కూర్చున్న మెరుపు బీడింగ్ తీయాలి. అది ఎడమ సగం, కుడి సగం, రెండు ముక్కలు. అతుకు కనపడకుండా మధ్యలో చిన్న క్లిప్పు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు అతుకు దగ్గర స్క్రూడ్రైవర్ దూర్చి పైకెత్తాడు. నేను వద్దనేలోపే టక్కుమంది. ఎడమ ముక్క పైమూల దగ్గర మడత పడిపోయింది. ఆ పలచటి రేకు ఒకసారి మడత పడితే ఎంత సరిచేసినా వెలుతురులో గీత కనపడుతుంది. ప్రతి ఆదివారం నాన్న మెత్తటి గుడ్డతో తుడిచిన రేకు అది. నాకు గొంతు పూడుకుపోయింది. ఏమీ అనలేక బండి ఇంటికి తెచ్చేశాను. పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను. అలాంటి ముక్క దొరకలేదు.

ఇక కుడి ముక్క నేనే తీయాలనుకున్నాను. మే నెల. రబ్బరు మెత్తబడుతుందని బండిని మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచాను. పెయింటు మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు అంటించాను. తమ్ముడు లోపల కూర్చుని అద్దాన్ని అరచేతులతో ఆపాడు. సబ్బునీళ్లు పోసి, అరగదీసిన ప్లాస్టిక్ గరిటె కాడతో నెడితే క్లిప్పు జరిగింది కానీ బీడింగ్ కదల్లేదు. లాగబోయిన ప్రతిసారీ రేకు విల్లులా వంగేది, భయపడి వదిలేసేవాణ్ణి. చీకటి పడిపోయింది.

రాత్రి నిద్ర పట్టలేదు. రబ్బరు ఎలాగూ పారేసేదే కదా, దాన్నెందుకు కాపాడుతున్నానని అప్పుడు తట్టింది.

పొద్దున్నే బ్లేడు పట్టుకుని, బీడింగ్‌ను నొక్కి పట్టిన రబ్బరు అంచును కోయడం మొదలుపెట్టాను. బ్లేడు రేకు మీదికి జారితే గీత. అద్దం వైపూ జారకూడదు. అది టఫెన్డ్ అద్దం, అంచుకు గట్టి దెబ్బ తగిలితే మొత్తం కల్లుప్పులా రాలిపోతుంది. అంగుళం కోయడం, ఆగడం. మూల మలుపు దగ్గర చేయి వణికితే దిగి నీళ్లు తాగి వచ్చాను. నాలుగు గంటలు పట్టింది. చివరి అంగుళం తెగాక లాగే పనే లేదు. బీడింగ్ దానంతటదే లేచి చేతుల్లోకి వచ్చింది. వేలితో ఈ కొస నుంచి ఆ కొసదాకా తడిమాను. ఎక్కడా వంకర లేదు. అమ్మ మంచం మీద నాన్న పాత పంచె పరిచింది, దాని మీద పెట్టాను.

రబ్బరు కింద తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, కొత్త రబ్బరు వేశాం. బీడింగ్ కూర్చోబెట్టాక తమ్ముడు గొట్టంతో అద్దం మీద నీళ్లు కొట్టాడు. అమ్మ ఎప్పుడూ కూర్చునే ముందు సీట్లో కూర్చుని కాళ్ల దగ్గరంతా చేత్తో తడిమి చూసింది.

"చుక్క పడలేదురా" అంది.

ఎడమ మూల మడత మాత్రం అలాగే ఉంది.