వెనక సీటులో కూర్చున్నవారి మాట



ఈ వారం ఒక బండి సంగతి చెప్తాము. అయ్యగారేంటి, మెకానిక్ షెడ్డు కబుర్లు మొదలుపెట్టారు అనుకోకండి. మేము మీ ముందు ఒప్పుకోవలసిన తప్పు ఒకటుంది. అది ఈ బండి దగ్గరే జరిగింది.

మన ఈకో వ్యాను మీకందరికీ తెలుసు. ఆదివారం పొద్దున్నే లంక ఊళ్ళ నుంచి పెద్దవాళ్ళను ఆరాధనకు తీసుకొస్తుంది. మిగతా రోజుల్లో మనవాళ్ళకి ఒంట్లో బాగోకపోతే రాజోలు నుంచి పి.గన్నవరం, కొత్తపేట, రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటి రాజమండ్రి ఆసుపత్రికి వెళ్తుంది. లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటింది.

వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే మన సంఘపు పెద్దామె ఒకరు ఎప్పుడూ చివరి సీటులోనే కూర్చునేవారు. పోయిన చలికాలంలో ఒకరోజు దిగుతూ, "అయ్యగారండీ, వెనకాల బండి పక్కకి జరుగుతున్నట్టుందండి" అన్నారు. "గోతుల రోడ్డు కదమ్మా" అని నవ్వేశాము. ఇంకోసారి అన్నారు. అప్పుడూ అదే జవాబు చెప్పాము. సంక్రాంతి వెళ్ళాక, "ఇకనుంచి బస్సులో వెళ్తానండి" అన్నారు. మా మాట ఏదో ఆమెకు నొప్పి కలిగించిందేమోనని అమ్మగారూ మేమూ బాధపడ్డాము. అడగడానికి మాత్రం మొహమాటపడ్డాము.

బండి కూడా తన భాషలో చెప్తూనే ఉంది. స్టీరింగు కొంచెం కుడివైపు పట్టుకుంటే గానీ తిన్నగా వెళ్ళేది కాదు. జొన్నాడ వంతెన మీద అతుకు వచ్చినప్పుడల్లా వెనకాల "డబ్" మనేది. మేము టైర్లు మార్చాము. ముందు చక్రాలకు అలైన్‌మెంట్ చేయించాము. షాకబ్జర్లు వేయించాము. డబ్బు అయింది గానీ జబ్బు తగ్గలేదు.

మన రోడ్లు ఎలాంటివో మీకు తెలుసు. 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొరగారు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేశారు. అక్కడి నుంచి వచ్చే కాలువలు మనకు అన్నం పెట్టాయి. ఆ కాలువ గట్లే చాలా ఊళ్ళకు దారులయ్యాయి. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేనో చెరువో. వానకి ఉబ్బి, ఎండకి బీటలిచ్చే నేల. దాని మీద వేసిన తారు అలలు అలలుగా లేస్తుంది. అలాంటి గట్టు మీద బండి ఒక మూర పక్కకి జరిగితే జరగడానికి చోటు లేదు.

తొలకరి వానల్లో ఒక సాయంత్రం అదే జరిగింది. ఎదురుగా రొయ్యల లారీ వస్తోంది. ఎడమ వెనక చక్రం గోతిలో పడింది, మేము బ్రేకు తొక్కాము. బండి వెనక భాగం కాలువ వైపు జారిపోయింది. లోపల నలుగురున్నారు. దేవుని కృపవల్ల కొబ్బరిచెట్టు మొదలుకు జానెడు దూరంలో ఆగాము. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

మర్నాడు రావులపాలెంలో ఒక షెడ్డుకు తీసుకెళ్ళాము. అక్కడి పెద్ద మేస్త్రి బండిని పైకి లేపి, ఒక ఇనుప రాడ్డు దూర్చి కదిపి చూపించారు. ఈ బండికి వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద ఉంటాయి. ఆ ఇరుసు ముందుకీ వెనక్కీ జరగకుండా రెండు పక్కలా రెండు ఉక్కు చేతులు పట్టుకుంటాయి. కంట్రోల్ ఆర్ములు, ట్రైలింగ్ ఆర్ములు అంటారు. పక్కకి పోకుండా అడ్డంగా ఇంకో రాడ్డు ఉంటుంది. బరువు మోసేది స్ప్రింగు, ఊపు ఆపేది షాకబ్జరు. చక్రాన్ని దాని చోట నిలబెట్టేవి మాత్రం ఈ చేతులే. వాటి కొసల్లో ఉండే రబ్బరు బుష్షులు మనవాటిలో చిట్లి ఊడిపోయాయి. సముద్రపు గాలికీ, రొయ్యల బళ్ళ నుంచి కారే ఉప్పునీళ్ళకీ ఒక ఆర్ము తుప్పు పట్టి పలచబడిపోయింది. తప్పు బండిది కాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కిందికి వంగి చూడని మాదే.

షెడ్డులో పనిచేసే కుర్రాడు, "మందం పైపుతో ఆర్ములు చేయించి, పాలీయూరిథేన్ బుష్షులు వేద్దామండి, ఇక జన్మలో కదలవు" అన్నాడు. భయపడి ఉన్నామేమో, మాకది బాగా నచ్చింది. పెద్ద మేస్త్రి ఒప్పుకోలేదు. "ఒక చక్రం గోతిలో దిగి రెండోది పైనే ఉంటే ఇరుసు వాలుద్దండి. అప్పుడు ఆ మెలిక బుష్షే తీసుకోవాలి. అది మరీ గట్టిదైతే ఆ దెబ్బంతా బాడీకున్న బ్రాకెట్ల మీద పడి అవి చిట్లుతాయి. వెనక కూర్చున్నోళ్ళ నడుములూ పోతాయి. చెయ్యి గట్టిగా ఉండాలండి, కీలు మెత్తగా ఉండాలి." ఆ మాట విని రెండు పక్కలా కొత్త కంపెనీ ఆర్ములు, వాటి రబ్బరు బుష్షులు, అడ్డ రాడ్డు బుష్షులు వేయించాము. మందిరం రేకుల కోసం దాచినదాంట్లోంచి తీశాము. లెక్క వచ్చే ఆదివారం చదువుతాము.

ఇంకొకటి చూశాము. బండి గాల్లో ఉండగా ఆయన బోల్టులు పూర్తిగా బిగించలేదు. కిందికి దింపి, బరువు చక్రాల మీద పడ్డాకే బిగించారు. వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దిగగానే రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోతుందట.

ఆ సాయంత్రమే పెద్దామె ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాము. "మీరు ముందు కూర్చుంటారు కదండీ, మీకెలా తెలుస్తాది? సంఘం డబ్బుతో నడిచే బండికి వంకలు పెట్టకూడదని ఊరుకున్నానండి" అన్నారు. బస్సు అందక రెండుసార్లు డయాలసిస్ మానేశారని అప్పుడే తెలిసింది. ఆమె కాళ్ళు వాచి ఉన్నాయి. మేము తల ఎత్తలేకపోయాము.

ప్రియులారా, బండి నడిపేవాడికి రోడ్డు కనబడుతుంది గానీ వెనక చక్రం పడే బాధ తెలియదు. అది చివరి సీటుకే తెలుస్తుంది. మా పరిచర్యలోనూ అంతే. తలుపు దగ్గర చాప మీద కూర్చుని, ఆఖరి ప్రార్థనకు ముందే లేచి వెళ్ళిపోయేవారు ఏం మోస్తున్నారో ముందు నిలబడిన మాకు కనబడలేదు. చెప్పినవారికి కూడా నవ్వుతూ జవాబిచ్చాము. మాటకు కట్టుబడి ఉండడం నేర్చుకున్నాము గానీ, ఎదుటివారి బరువుకు కొంచెం లొంగడం నేర్చుకోలేదు. బరువు దిగకముందే బిగించేశాము.

ఇప్పుడు పెద్దామె మళ్ళీ మన బండిలోనే వెళ్తున్నారు. దిగేటప్పుడు మేమే అడుగుతున్నాము. మీ ఇంట్లో బండి ఉంటే ఈ వారం వెనక కూర్చునేవారిని అడగండి. స్టీరింగు వంకరగా ఉన్నా, గోతిలో వెనక "డబ్" మన్నా, వానల్లోపే కింద చూపించండి. అలాగే ఇంట్లో తక్కువ మాట్లాడేవారిని కూడా ఒకసారి అడగండి. అడిగాక, నవ్వేయకండి.

మీ కొరకు ప్రార్థించుచున్న,
మీ సేవకులు