దివాలా తీసిన తాజమహలు: అట్లాంటిక్ సిటీ యాత్ర

అమెరికా తూర్పుతీరమున, న్యూజెర్సీ రాష్ట్రములో అబ్సీకాన్ అను ఇసుకదీవి యొకటి కలదు. దానిపై వెలసిన పట్టణమే అట్లాంటిక్ సిటీ. న్యూయార్కు నగరమునకు సుమారు 125 మైళ్ళ దూరము. న్యూజెర్సీలో మన తెలుగు కుటుంబములు వేలకొలది కాపురముండుటచేత, చుట్టపుచూపుగా పోయినవారికి ఈ సముద్రతీరమును చూపించుట పరిపాటియైనది. మేమును అట్లే పోయి చూచితిమి. చూచినదానికంటె తెలిసికొన్నది ఎక్కువ గనుక సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఈ యూరికి పేరు తెచ్చినది సముద్రపుటొడ్డున పరచిన చెక్కలబాట. దీనిని మొదట 1870లో వేసిరి. విహారమునకు వచ్చినవారు కాళ్ళనిండ ఇసుకతో హోటళ్ళలోనికిని, రైలుపెట్టెలలోనికిని పోవుచుండగా, ఆ ఇసుకను ఊడ్చలేక ఈ ఉపాయము పన్నిరట! ఇల్లు ఊడ్చుకొను మనకు ఆ బాధ తెలియనిది కాదు. నేడు ఆ బాట మైళ్ళకొలది సాగుచున్నది. ఒకప్రక్క సముద్రఘోష, వేరొకప్రక్క ఆకాశమునంటు మేడలు, మిఠాయి దుకాణములు. చక్రముల కుర్చీలలో యాత్రికులు ఆసీనులు కాగా, కూలివారు వెనుకనుండి త్రోసికొనిపోవుచుందురు. ఉప్పునీటి టాఫీ యను సాగుడు మిఠాయిని పిల్లలకు కొనిపెట్టక తప్పదు.

విమానప్రయాణము సులభమైన పిదప జనులు దూరతీరములకు పోజొచ్చిరి. ఈ యూరు చితికిపోయెను. దీనిని నిలబెట్టుటకై 1976లో రాష్ట్ర ప్రజలు ఓటువేసి ఇచ్చట జూదగృహములకు అనుమతి నొసగిరి. వచ్చు పన్ను వృద్ధులకును, అంగవైకల్యము గలవారికిని వినియోగింపవలెనని నియమము. 1978 మే నెలలో మొదటి కాసినో తెరువబడెను. మేమొక కాసినోలో కాసేపు తిరిగితిమి. గడియారము కానరాదు, కిటికీ కానరాదు, పగలో రేయో తెలియదు. తల నెరసిన స్త్రీలు పెక్కుమంది యంత్రములయెదుట కూర్చుండి, బియ్యము ఏరునంత శ్రద్ధతో మీటలు నొక్కుచుండిరి.

చెక్కలబాటపై గల మేడలలో ఒకదాని పూర్వనామము మనవారికి ఆశ్చర్యము గొల్పును. దానిపేరు తాజమహలు! పిమ్మట రెండుమారులు అమెరికా అధ్యక్షపదవి నెక్కిన డొనాల్డ్ ట్రంప్ 1990 ఏప్రిల్‌లో దీనిని ప్రారంభించెను. వ్యయము సుమారు 100 కోట్ల డాలర్లు. అందు 67.5 కోట్లు నూటికి 14 వంతున వడ్డీకి తెచ్చిన అప్పు. ఆగ్రాలోని తాజమహలు చనిపోయిన భార్యకై కట్టిన సమాధి. ఇది పుట్టుకతోడనే అప్పులలో పూడ్చబడినది. ఏడాది తిరిగి కొన్ని నెలలైనను గడువకమునుపే, 1991లో, ఇది దివాలా కోర్టుకెక్కెను.

ఆ దినముల ముచ్చటలు రెండు చెప్పెదము. 1990 ఆగస్టులో బ్యాంకులవారు ట్రంప్‌నకు గడువిచ్చుచు, సొంతఖర్చు నెలకు 4,50,000 డాలర్లు మించరాదని కట్టడి చేసిరి. అప్పులవాని కిచ్చిన నెలబత్తెము ఇంతయని గ్రహింపుడు! ఆ డిసెంబరులో ఆయన మరియొక కాసినో వడ్డీ కట్టలేకయుండగా, తండ్రి పంపిన మనుష్యుడు వచ్చి 33.5 లక్షల డాలర్లకు జూదపుబిళ్ళలు కొనెను, ఆటమాత్రము ఆడలేదు. కొడుకును గట్టెక్కించు తండ్రులు అన్నిదేశముల నున్నారు.

దివాలా యనగా దుకాణమునకు తాళము వేసి, గిన్నెలు చెంబులు వేలము వేయుటయని మన తలంపు. అమెరికా చట్టములో పదునొకండవ అధ్యాయమను మార్గమొకటి కలదు. వ్యాపారము నడచుచునే యుండును. అప్పిచ్చినవారు తమకు రావలసినదానిలో కొంత వదలుకొందురు. యజమాని మరల ఊపిరి పీల్చుకొనును. పదిమంది కొలువులు నిలుచునను సదుద్దేశముతో చేసిన ఏర్పాటిది. ట్రంప్ కాసినో సంస్థలు 1991, 1992, 2004, 2009 సంవత్సరములలో ఈ త్రోవనే పోయినవి. ఆయన మాత్రము స్వయముగా దివాలాదారుడు కాలేదు. సంస్థ వేరు, మనిషి వేరు అని చట్టము. నష్టము అప్పుపత్రములు కొన్నవారికిని, వాటాలు కొన్నవారికిని, పనిచేసి పూర్తిసొమ్ము ముట్టని చిన్న కంట్రాక్టరులకును పంచబడెను.

ఈ యూర ఒక వృద్ధవితంతువు కథ వింటిమి. ఆమె యిల్లు ట్రంప్ ప్లాజా యను కాసినో ప్రక్కనుండెను. కాసినోకు వచ్చు మోటారుబండ్లు నిలుపు తావునకై, ప్రభుత్వసంస్థయొకటి ఆ యింటిని చట్టబలముతో తీసికొన యత్నించెను. ఆమె లొంగక కోర్టున పోరాడి 1998లో గెలిచెను. ఆ ప్లాజా 2014లో మూతపడి, 2021 ఫిబ్రవరి 17వ తేదీన ప్రేలుడు మందుతో నేలగూల్చబడెను.

2014వ సంవత్సరము ఈ యూరికి గండము. ఆ యొక్క ఏట నాలుగు కాసినోలు మూతపడి, సుమారు 8,000 మంది పనులు పోయినవి. తాజమహలు మరల కోర్టుకెక్కెను. అప్పటికి ట్రంప్ నిర్వహణనుండి తొలగియుండెను. ఆ కోర్టు అనుమతితో పనివారి వైద్యబీమాయు, పింఛనుచందాయు రద్దయ్యెను. గదులు తుడుచు స్త్రీలు, వంటవారు 2016 జూలైలో సమ్మె కట్టిరి. అక్టోబరు 10వ తేదీన మేడకు తాళము పడెను. దాదాపు 3,000 మంది ఇండ్లకు పోయిరి. 2018లో అది హార్డ్ రాక్ అను క్రొత్తపేరుతో తెరువబడినది.

దైవోపద్రవములును ఈ తీరమునకు క్రొత్త కావు. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను ఈ దాపుననే తీరముదాటెను. కాసినోలు కొలది దినములలో దీపములు వెలిగించుకొనెను. నీట మునిగిన చిన్నయిండ్లవారు పెక్కుకాలము ఇక్కట్లు పడిరి.

ఆపదలో ప్రభుత్వము చేయి అందించుట ధర్మమే. కాని ఎవరికి? తిరుగుప్రయాణమున న్యూయార్కులో 40 వాల్ స్ట్రీట్ అను ఎత్తైన మేడయెదుట నిలిచి ఈ ప్రశ్ననే తలపోసితిమి. 2001 సెప్టెంబరు 11వ తేదీ దారుణము తర్వాత, దెబ్బతిన్న చిన్న వ్యాపారులకై ప్రజాధనముతో ఒక సహాయనిధి ఏర్పడెను. 500 మందికి మించని పనివారున్నచో చిన్న వ్యాపారమేయని నిబంధన. ఆ లెక్కను, ఈ మేడను ఏలుచున్న ట్రంప్ సంస్థయు చిన్నదే యయ్యెను. 1,50,000 డాలర్లు పొందెను. నియమము తప్పలేదు, నియమమే వెడల్పైనది. హద్దు గీయుట అసాధ్యమా? కత్రీనా తుపాను పిదప 2005లో చేసిన పన్నురాయితీల చట్టములో జూదశాలలకు రాయితీ లేదని స్పష్టముగా వ్రాసిరి. అయినను జూదపుగదిని విడిచి, దానినంటియున్న హోటలుకును భోజనశాలకును రాయితీ దొరకినది.

మన భారతకథలో ధర్మరాజు జూదమాడి ఓడినపుడు తానే అడవుల పాలయ్యెను. ఇచ్చట ఆడించినవాడు మేడపైననే యుండ, వంటవారును, ఊడ్చువారును అడవుల పాలగుచున్నారు. ఓడినవానికి ఇతరులను ఒడ్డుటకు హక్కెక్కడిదని నిండుసభలో అడిగినది ద్రౌపది యొక్కతెయే. పెద్దలు బదులు చెప్పలేకపోయిరి. ప్రజల బొక్కసము తెరువబడినపు డెల్ల, నష్టపడినదెవరు, నష్టపరిహారము ముట్టినదెవరికి అని అడుగుట మన విధి. అందులకు న్యాయశాస్త్రము చదువనక్కరలేదు. నెలసరి జమాఖర్చు వ్రాయ నేర్చిన గృహిణికి ఆ పాటి లెక్క తెలియకపోదు.